ఎగువ ఎవరు, దిగువ ఎవరు? — ‘మజల్లా’లోని మురుగు కాలువ అధికరణం: ఒక విమర్శ

ఇరుగుపొరుగు ఇళ్లవారు కలిసి వాడుకునే మురుగు కాలువ చెడిపోయినప్పుడు మరమ్మతు ఖర్చును ఎవరు ఎంత భరించాలి? ఈ ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. ధర్మశాస్త్రం గురించి వ్యాసాలు వ్రాసేవారు వివాహం, వారసత్వం, వడ్డీ, వక్ఫ్ వంటి విషయాలను చేపడతారేగాని మోరీ జోలికి పోరు. అయితే ఇరవై ఏళ్లు కలిసిమెలిసి బ్రతికిన రెండు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పోవడానికి వారసత్వ తగాదా అవసరం లేదు. పగిలిన గొట్టం ఒక్కటి చాలు. మన పూర్వ ధర్మవేత్తలు ఈ సంగతి ఎరుగుదురు. అందుకే వారు మురుగు కాలువకు కూడా తమ గ్రంథాలలో చోటు కల్పించారు.

అలాంటి ఒక అధికరణాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాను. దాని గుణమేమిటో, దాని లోపమేమిటో చెప్పడం నా ఉద్దేశం. అంతకంటే ముఖ్యమైన మరో ఉద్దేశం కూడా ఉంది. ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చెప్పాను. ఆ తప్పు వల్ల ఒక నిరుపేద తాను చెల్లించనవసరం లేని సొమ్ము చెల్లించాడు. అనువాదకుడి పొరపాటు సాధారణంగా కాగితం మీదే మిగిలిపోతుంది. నాది మాత్రం ఒకరి ఇంటి దాకా వెళ్లింది. కనుక ఈ విమర్శలో కొంత భాగం గ్రంథానికి, కొంత భాగం నాకు వర్తిస్తుంది.

గ్రంథ పరిచయం

ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు భాగాలు భాగాలుగా వెలువడిన ‘మజల్లతుల్ అహ్‌కామిల్ అద్లియ్యా’ అనే పౌరస్మృతిని క్లుప్తంగా ‘మజల్లా’ అంటారు. అహ్మద్ జౌదత్ పాషా అధ్యక్షతన ఏర్పడిన పండిత సంఘం దీనిని కూర్చింది. ఇందులో 16 గ్రంథాలు, 1851 అధికరణాలు ఉన్నాయి. హనఫీ ధర్మశాస్త్రంలో శతాబ్దాలుగా పేరుకున్న అభిప్రాయాలలో నుండి ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క తీర్పును ఎన్నుకొని, న్యాయాధిపతికి వీలుగా సంఖ్యలు వేసి ఇచ్చిన తొలి ప్రయత్నం ఇదే. తుర్కీ 1926లో, సిరియా 1949లో, జోర్డాన్ 1976లో దీని స్థానే కొత్త చట్టాలు తెచ్చుకున్నాయి. మన దేశంలో ఇది ఎన్నడూ చట్టం కాదు. మన న్యాయస్థానంలో దీనిని చూపి ఎవరూ దావా గెలవలేరు. అయినా పొరుగువారు తమలో తాము న్యాయం చేసుకోదలచినప్పుడు ఆలోచనకు దారి చూపగల గ్రంథంగా దీని విలువ తగ్గలేదు.

మజల్లా పదవ గ్రంథం ఉమ్మడి స్వామ్యాన్ని గురించినది. అందులో ఐదవ అధ్యాయం ఉమ్మడి ఆస్తుల ఖర్చులను నిర్ణయిస్తుంది. ఆ అధ్యాయంలోని చివరి మూడు అధికరణాలు పక్కపక్కనే నిలిచి ఉంటాయి: ఒకటి ఉమ్మడి సాగునీటి కాలువ పూడికతీతకు, రెండవది మురుగు కాలువకు, మూడవది ఒక పక్కన మూసుకుపోయిన గల్లీ బాటకు సంబంధించినవి. మూడూ కలిపినా అర పేజీకి మించవు. మా అరబీ పాఠశాలలో ఉస్తాదులు మొదటిదానికి మూలమైన చర్చను ‘హిదాయా’ గ్రంథం నుండి చెప్పించారు. రెండవదాన్ని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

సాగునీటి కాలువ న్యాయం

ముందు సాగునీటి కాలువ సంగతి చూద్దాం. కాలువ కింద సేద్యం చేసే పాఠకులకు ఇది వెంటనే బోధపడుతుంది. ఐదుగురు రైతులు ఒకే కాలువ నీటితో పొలాలు తడుపుకుంటారనుకుందాం. కాలువ పూడిపోయింది. పూడిక తీయించాలి. మజల్లా ప్రకారం పని ఎగువ నుండి మొదలవుతుంది. మొదటి రైతు పొలం వరకు ఉన్న కాలువ ముక్క ఖర్చు ఐదుగురిదీ. ఎందుకంటే ఐదుగురి నీళ్లూ ఆ ముక్క గుండానే రావాలి. పని మొదటి రైతు పొలం దాటగానే అతడు బాధ్యత నుండి విముక్తుడవుతాడు. మిగిలిన నలుగురు రెండవ ముక్క ఖర్చు పంచుకుంటారు. ఇలా దిగుతూ పోగా చివరి ముక్క ఖర్చు చివరి రైతు ఒక్కడే భరిస్తాడు.

ఈ తీర్పు ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గారిది. ఆయన ప్రధాన శిష్యులిద్దరూ, అంటే ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై), దీనితో ఏకీభవించలేదు. మొదటి నుండి చివరి వరకు మొత్తం కాలువ ఖర్చు అందరిదీ అన్నారు వారు. వారి వాదం ఇది: ఎగువ రైతుకు దిగువ కాలువతో కూడా పని ఉంది, తన పొలంలో మిగిలిన నీరు పోవడానికి కింద దారి ఉండాలి, దారి లేకపోతే ఆ నీరు వెనక్కు తన్ని అతని పొలాన్నే ముంచుతుంది. కనుక దిగువ కాలువ బాగు అతనికి కూడా బాగే.

దీనికి ఇమామ్ అబూ హనీఫా పక్షాన హిదాయా కర్త బుర్‌హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) ఇచ్చిన సమాధానంలో రెండు అంగాలున్నాయి. ఒకటి: కాలువ తవ్వడంలోని ప్రయోజనం పొలం తడవడమే, ఆ ప్రయోజనం ఎగువ రైతుకు సిద్ధించింది, ఇక ఇతరులకు ప్రయోజనం కలిగించే బాధ్యత అతనిపై లేదు. రెండు: మిగులు నీరు పారే హక్కు ఉన్నంత మాత్రాన ఆ దారిని బాగుచేయించే బాధ్యత రాదు, పొరుగువాడి కప్పు మీదుగా తన వాననీరు పోవడానికి హక్కు ఉన్నవాడు ఆ కప్పుకు మరమ్మతు చేయించనవసరం లేదు కదా!

ఈ పొరుగువాడి కప్పు ఉపమానాన్ని నేను పదిహేడవ ఏట కంఠస్థం చేశాను. తర్వాత విశ్వవిద్యాలయంలో చదివినా, పాతికేళ్లుగా అనువాదాలు చేస్తున్నా, అది నా నాలుక చివరనే ఉండిపోయింది. నా తప్పుకు మూలం కూడా అదే.

గల్లీలో జరిగినది

మా గల్లీ వాలుగా ఉంటుంది. ఒక పక్కన మూసుకుపోయింది. ఇళ్లు ఐదు. గల్లీ మొదట్లో, అంటే పల్లంలో, ఒక వృద్ధ దర్జీ ఇల్లు ఉంది. రేకుల కప్పు, రెండు గదులు. చివర మెరకలో మూడంతస్తుల మేడ ఉంది. నేను ఆ ఐదిళ్లలో ఉండేవాణ్ని కాను. పక్క వీధిలో అద్దెకుండేవాణ్ని. 2013 వానాకాలంలో గల్లీ పొడవునా మురుగు గొట్టాలు పగిలి, నీరంతా పల్లంలోని దర్జీ గడప ముందు నిలిచిపోయింది. గల్లీ మొగలో ఉన్న పెద్ద మ్యాన్‌హోల్ వరకే తమ బాధ్యత అనీ, లోపలి లైను ఇళ్లవారిదేననీ సంబంధిత కార్యాలయం వారు చెప్పి పంపారు. మేస్త్రీ వచ్చి చూసి మొత్తం ముప్పై వేల రూపాయలు అవుతుందన్నాడు.

అందరూ సమానంగా తలా ఆరు వేలు వేసుకుందామని ఒకరన్నారు. మేడ యజమాని ఒప్పుకోలేదు. “నా ఇంటి ముందు ముక్క నేను వేయించుకుంటాను. కింద పగిలినదానితో నాకేం పని?” అన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరకు, “మౌల్వీ సాబ్‌ను అడుగుదాం, కితాబులో ఏముందో చెబుతారు” అని నా దగ్గరకు వచ్చారు.

నేను ముఫ్తీని కాను. ఆ మాట చెప్పి వారిని తగిన పెద్దల దగ్గరకు పంపవలసింది. అలా చేయలేదు. నా నాలుక చివరనున్న పాఠం అప్పజెప్పాను. పని పైనుండి మొదలవుతుందనీ, పై ఇల్లు దాటగానే ఆ ఇంటివారు విముక్తులనీ, కింది హక్కుదారులే కింది ముక్కల ఖర్చు భరించాలనీ చెప్పాను. పొరుగువాడి కప్పు ఉపమానం కూడా వినిపించాను. మేడ యజమాని ఎంతో సంతోషించాడు.

ఒక్కొక్క ఇంటి ముందు ముక్కకు ఆరు వేల చొప్పున లెక్క వేశారు. పై ముక్క ఐదుగురికి తలా 1,200. తరువాతది నలుగురికి తలా 1,500. నడిమిది ముగ్గురికి తలా 2,000. దాని కిందిది ఇద్దరికి తలా 3,000. అన్నిటికన్నా కిందిది దర్జీ ఒక్కడికే 6,000. అన్నీ కూడగా మూడంతస్తుల మేడకు 1,200 రూపాయలు. రేకుల ఇంటికి 13,700 రూపాయలు. దర్జీ ఏమీ వాదించలేదు. “మీరు చదువుకున్నవారు. కితాబులో అలా ఉంటే అలాగే కానివ్వండి” అన్నాడు. ఆ సొమ్ము కోసం కుట్టు మిషన్లు రెంటిలో ఒకటి అమ్మాడని నాకు తర్వాత తెలిసింది.

మురుగు కాలువ అధికరణం

ఆరేళ్ల తర్వాత, 2019లో, మజల్లా పదవ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనిలో ఉండగా ఆ మూడు అధికరణాల వద్దకు వచ్చాను. మొదటిది పరిచితమే, సునాయాసంగా సాగింది. రెండవదాని మొదట్లోనే నేను ఆగిపోయాను.

మజల్లా అరబీ పాఠంలో మురుగు కాలువకు వాడిన మాట ‘సియాఖ్ మాలిహ్’. విశ్వవిద్యాలయపు అరబీలో ‘సియాఖ్’ అంటే సందర్భం. ఒక మాట ఏ మాటల నడుమ వచ్చిందో ఆ వరుస. ‘మాలిహ్’ అంటే ఉప్పనిది. ‘ఉప్పని సందర్భం’ ఏమిటా అని నేను నవ్వుకున్నాను. పొరుగువాడి బావి గురించిన మరో అధికరణం చూశాక సంగతి తేలింది. అక్కడ తీపినీటి బావి దగ్గర మరుగుదొడ్డినో ‘సియాఖ్ మాలిహ్’నో కట్టి నీరు చెడగొట్టరాదని ఉంది. ఒకటి తీపి, ఒకటి ఉప్పు. ఒకటి మనం కోరి తెచ్చుకునే నీరు, ఒకటి మనం వదిలించుకునే నీరు. మాటను విడిగా పట్టుకుంటే అర్థం కాలేదు; దాని సియాఖ్‌లో, అంటే సందర్భంలో చూస్తేనే తెలిసింది. నేను గల్లీలో చేసిన తప్పు కూడా ఇలాంటిదే. న్యాయాన్ని దాని సందర్భం నుండి విడదీసి పట్టుకున్నాను.

ఇక అధికరణం చెప్పేదేమిటంటే, మురుగు కాలువ బాగుచేసే భారం దిగువ నుండి మొదలవుతుంది. అన్నిటికన్నా పల్లంలో ఉన్నవాని స్థలంలోని ముక్కకు అందరూ ఖర్చు పెట్టుకోవాలి. పని ఆ ముక్క దాటి పైకి రాగానే పల్లపు ఇంటివాడు విముక్తుడు. ఇలా ఒక్కొక్కరే విముక్తులవుతూ పైకి పోగా, అందరికంటే పైన ఉన్నవాడు తన ముక్కను తానొక్కడే బాగుచేయించుకోవాలి.

దీని ప్రకారం లెక్క తిరగవేయగా దర్జీ వాటా 1,200 రూపాయలు. మేడ యజమాని వాటా 13,700. నడిమి ఇంటివారి 4,700 మాత్రమే మారలేదు. అంటే నేను చెప్పిన తీర్పు కొంచెం అటూ ఇటూగా తప్పు కాలేదు, తలకిందులుగా తప్పయింది.

న్యాయం ఎందుకు తిరగబడింది?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నీరు పారే హక్కు ఉన్నంత మాత్రాన దారి బాగుచేసే బాధ్యత రాదని ఇమామ్ అబూ హనీఫా అన్నారు కదా, మరి ఆయన మార్గాన్నే అనుసరించిన మజల్లా మురుగు కాలువ దగ్గరకు వచ్చేసరికి పై ఇంటివాని మీద కింది ముక్కల భారం ఎందుకు వేసింది? ఇది పరస్పర విరుద్ధం కాదా?

కాదని నా అభిప్రాయం. ఆయన వాదంలోని రెండు అంగాలలో మొదటిదే మూలం. రెండవది దానికి అనుబంధం. ప్రయోజనం ఏమిటి, అది ఎవరికి ఎక్కడ సిద్ధించింది అన్నదే ఆయన అడిగిన ప్రశ్న. సాగునీటి కాలువ ప్రయోజనం నీరు పొలానికి రావడం. అది పొలం గట్టు దగ్గరే సిద్ధిస్తుంది. మిగులు నీరు పోవడం దాని వెంట వచ్చే చిల్లర సంగతి. మురుగు కాలువకు నీరు పోవడమే ప్రయోజనం. అక్కడ వేరే ప్రయోజనం లేదు. ఆ ప్రయోజనం పై ఇంటివానికి తన గడప దగ్గర సిద్ధించదు. అతని మురుగు పొరుగు ఇళ్లన్నీ దాటి పెద్ద మ్యాన్‌హోల్‌లో పడినప్పుడే సిద్ధిస్తుంది. అంతవరకు ప్రతి ముక్కా అతనికి కావలసినదే. పల్లపు ఇంటివానికి మాత్రం పై ముక్కలతో ఏ పనీ లేదు. తన మురుగు ఎన్నడూ పైకి ఎక్కదు.

కాబట్టి న్యాయం తిరగబడలేదు. నీటితో మన సంబంధం తిరగబడింది. సాగునీరు మన దాకా వచ్చే దారికి మనం బాధ్యులం. మురుగునీరు మన నుండి పోయే దారికి మనం బాధ్యులం. మజల్లా ఆరంభంలోని 87, 88వ అధికరణాలు లాభం ఉన్నచోటే భారం ఉంటుందని, భారం లాభాన్ని బట్టి ఉంటుందని సూత్రీకరిస్తాయి. ఆ సూత్రం నాకు వచ్చు. సూత్రం వచ్చినంత మాత్రాన చాలదు. లాభం ఏ దిక్కుకు పారుతున్నదో కూడా చూడాలి. మూడవ అధికరణం ఈ మాటనే స్థిరపరుస్తున్నది. మూసుకుపోయిన గల్లీ బాట విషయంలో మురుగు కాలువ న్యాయమే వర్తిస్తుంది. గల్లీ మొగను దిగువగా, లోపలి చివరను ఎగువగా ఎంచాలి అంటుంది. లోపలి చివర ఉన్నవాడు గల్లీ అంతా నడుస్తాడు గనుక అంతటికీ వాటా పెట్టుకోవాలి. అక్కడ ‘ఎగువ’, ‘దిగువ’ అనేవి నేల వాలును చెప్పే మాటలు కానే కావు. వాడకాన్ని చెప్పే మాటలు. ఈ మూడు అధికరణాలను ఒక్కచోట చేర్చినవారి నేర్పు ఇక్కడే ఉంది. మొదటిది మాత్రం చదివి ఆపినవాడు తప్పక మోసపోతాడు. నేనే అందుకు సాక్షిని.

ఇదే న్యాయాన్ని ఆధునిక అర్థశాస్త్రవేత్తలు మరో దారిన చేరుకోవడం గమనించదగినది. విమానాశ్రయపు రన్‌వే ఖర్చును చిన్న విమానాలు, పెద్ద విమానాల మధ్య పంచడమెలా అన్న ప్రశ్నకు 1973లో లిటిల్‌చైల్డ్, ఓవెన్ అనే ఇద్దరు పండితులు, లాయిడ్ షాప్లీ 1953లో ప్రతిపాదించిన గణిత పద్ధతిని అన్వయించి చూపారు. తేలిన సమాధానం ఇది: రన్‌వేలోని ఒక్కొక్క ముక్క ఖర్చును ఆ ముక్క అవసరమైనవారు మాత్రమే సమంగా పంచుకోవాలి. మా దర్జీకి 1,200, మేడ యజమానికి 13,700 అని చెప్పే లెక్క సరిగ్గా ఇదే.

అధికరణంలోని లోపాలు

ఇంతవరకు అధికరణాన్ని ప్రశంసించాను. విమర్శకుడు అక్కడితో ఆగితే అది విమర్శ కాదు. ఈ అధికరణం చెప్పకుండా వదిలినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, వాటాల సంగతి. ఒక్కొక్క ముక్కను పంచుకునేవారు ఇంటికి ఒక వాటా చొప్పున పంచుకోవాలా, మనుషుల లెక్కన పంచుకోవాలా? పై లెక్కలో నేను ఇంటికొక వాటా వేశాను. రెండు గదుల ఇంటినీ, మూడంతస్తులలో ఆరు కుటుంబాలుండే మేడనూ పల్లపు ముక్క దగ్గర సమానం చేశాను. ఇది సంపూర్ణ న్యాయమని చెప్పలేను. మాలికీ ధర్మవేత్తల గ్రంథాలలో ఉమ్మడి మరుగుదొడ్డి గుంట శుభ్రపరచే ఖర్చును తలల లెక్కన పంచాలనే అభిప్రాయం కనిపిస్తుంది. మేడలు, అద్దె వాటాలు పెరిగిన మన పట్టణాలకు ఆ అభిప్రాయమే దగ్గరగా ఉన్నదని నాకు తోస్తున్నది. ఒక ధర్మశాఖలోని మౌనాన్ని మరొక శాఖలోని మాటతో పూరించడం మన పండితులకు కొత్త కాదు.

రెండవది, ఒకరు ఖర్చుకు ఒప్పుకోనప్పుడు ఏం చేయాలన్న సంగతి. సొంత సాగునీటి కాలువ విషయంలో మజల్లాకు సమాధానం ఉంది. న్యాయాధిపతి అనుమతితో మిగిలినవారు పని చేయించుకొని, ఒప్పుకోనివాడు తన వాటా చెల్లించేవరకు అతన్ని నీరు వాడుకోనివ్వకుండా ఆపవచ్చు. ఇదే ఉపాయం మురుగు కాలువకు పనికిరాదు. సాగునీటిని ఆపితే ఒకడి పొలం ఎండుతుంది. మురుగును ఆపితే గల్లీ అంతా కంపు కొడుతుంది, పిల్లలకు జబ్బులు చేస్తాయి. ఒక హానిని దానివంటి మరో హానితో తొలగించరాదని మజల్లాలోని 25వ అధికరణమే చెబుతున్నది. కనుక ఇక్కడ అప్పుగా వ్రాసుకొని రాబట్టుకోవడమే మార్గంగాని గొట్టానికి అడ్డుకట్ట వేయడం మార్గం కాదు. దీన్ని అధికరణంలో స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

ఇక్కడే ఆచరణకు పనికివచ్చే ఒక హెచ్చరిక చేయాలి. భాగస్వామి అనుమతిగాని న్యాయాధిపతి అనుమతిగాని లేకుండా ఒకరు తమంతట తాము ఉమ్మడి ఆస్తిని బాగుచేయిస్తే, అది దానం కింద జమ అవుతుందనీ, తర్వాత వాటా అడిగే హక్కు ఉండదనీ ఆ అధ్యాయపు మొదటి భాగంలో సాధారణ న్యాయంగా చెప్పబడింది. మన గల్లీలలో చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి. ఓపిక నశించి ఒకరు పని చేయించేస్తారు, తర్వాత వాటాలు అడుగుతారు, “మమ్మల్ని అడిగి చేయించారా?” అన్న మాట వస్తుంది. గునపం నేలకు తగలకముందే అందరినీ కూర్చోబెట్టి, ఎవరి వాటా ఎంతో కాగితం మీద వ్రాసుకొని సంతకాలు చేయించుకోవడం ధర్మసమ్మతం. తెలివైన పని కూడా.

మూడవ లోపం అన్నిటికన్నా పెద్దది. అధికరణం మురుగు కాలువ ‘భారం’ అంటుంది. ఆ భారాన్ని ఇంటి యజమానుల మధ్య ఎంతో సూక్ష్మంగా తూచి పంచుతుంది. కాని కాలువలోకి దిగేవాడు ఆ తూకంలో లేడు. 19వ శతాబ్దపు చట్టంలో అతని ప్రస్తావన ఉంటుందని ఆశించలేం. ఈనాటి వ్యాఖ్యాత కూడా అతన్ని వదిలేస్తే క్షమించరానిది. మన దేశంలో 2013 నాటి చట్టం మనుషుల చేత పాకీపని చేయించడాన్ని, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి దింపడాన్ని నిషేధించింది. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. అయినా మరణాలు ఆగలేదు.

ఆ రోజు గల్లీలో మేము ముప్పై వేలను పైసలతో సహా పంచాము. గొట్టంలోని పూడిక తీయడానికి మ్యాన్‌హోల్‌లోకి దిగిన యువకునికి చేతి తొడుగులు ఉన్నాయా లేదా అని ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. యంత్రం తెప్పిస్తే ఇంకో మూడు వేలు అవుతుందని మేస్త్రీ అంటే, అక్కర్లేదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ఐదిళ్ల మధ్య కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. హాని చేయరాదు, హానికి ప్రతిహాని చేయరాదు అనే సూత్రం మజల్లాలో 19వ అధికరణంగా ఉంది. అది పొరుగువారికే పరిమితమని ఎక్కడా లేదు. కాబట్టి యంత్రం ఖర్చు, రక్షణ సాధనాల ఖర్చు, తగిన కూలి ఇవన్నీ ‘భారం’ అనే మాటలో చేరి ఉన్నవేనని, వాటిని తగ్గించి పంచుకున్న లెక్క ఎంత సూక్ష్మమైనదైనా న్యాయమైనది కాదని అనువాదకుడు తన వివరణలో వ్రాయాలి. నేను నా అనువాదంలో అలా వ్రాశాను.

ముగింపు

మిగిలిన సంగతి చెప్పి ముగిస్తాను. అధికరణం చదివిన వారంలోనే నేను ఆ గల్లీకి వెళ్లాను. ఐదిళ్లవారినీ కూర్చోబెట్టి నేను తప్పు చెప్పానని ఒప్పుకొని, సరైన లెక్క చదివి వినిపించాను. పల్లం నుండి రెండవ ఇంటివారు 7,700 చెల్లించారు. వారి అసలు వాటా 2,700. ఐదు వేలు అదనంగా పోయాయి. “పోనివ్వండి మౌల్వీ సాబ్, పాత సంగతి” అని వారు వదులుకున్నారు. మేడ యజమాని, “ఆ రోజు చెప్పిందీ మీరే, ఈ రోజు చెప్పేదీ మీరే. రేపు ఇంకో కితాబు తెస్తే ఏం చేయమంటారు?” అన్నాడు. కఠినమైన మాటే. అయినా అన్యాయమైన మాట అని నేను అనలేను. నా మాటను నమ్మి అతడు నడుచుకున్నాడు.

దర్జీకి అదనంగా పడిన 12,500 రూపాయలను నా అనువాద పారితోషికం నుండి మూడు విడతలుగా ఇచ్చాను. మొదటి విడత తీసుకుంటూ ఆయన, “కితాబు మారిందా?” అని అడిగాడు. కితాబు మారలేదనీ, అప్పుడు నేను పక్క వాక్యం చదవలేదనీ చెప్పాను. ఆయన నోట్లు లెక్కపెట్టుకొని జేబులో పెట్టుకున్నాడు. మరేమీ అనలేదు.

ధర్మశాస్త్ర గ్రంథాలను తెలుగు చేసే యువ మిత్రులకు ఒక మనవి. మీ అనువాదం పండితుల చేతికి మాత్రమే వెళుతుందనుకోకండి. అది ఏదో ఒకనాడు ఒక గల్లీలో, పగిలిన గొట్టం పక్కన, లెక్క తెలియనివాని ముందు చదవబడుతుంది. ‘ఎగువ’, ‘దిగువ’ అని వ్రాసేముందు అది ఏ నీరో, ఎటు పారే నీరో కనుక్కొని వ్రాయండి. తీపినీటి న్యాయాన్ని ఉప్పునీటికి చెప్పినందుకు నేను పన్నెండు వేల ఐదు వందల రూపాయలు చెల్లించాను. ఆ ఆరేళ్లూ ఒక్క మిషన్ మీదే కుట్టిన మనిషికి నేను తిరిగి ఇవ్వలేనిది దానికంటే ఎక్కువ.